ఎడమకి వేసిన దారి

చేతికి నీరు పట్టినవాళ్ళకి నేను చేసేది, చూసేవాళ్ళకి పనిలా కనిపించదు. కండ పిసకను, నూనె రాయను. వేళ్ళు చర్మానికి ఆనించి, చర్మాన్ని కాస్త పక్కకి జరిపి వదిలేస్తాను. అది దానంతట అదే వెనక్కి వస్తుంది. మళ్ళీ జరుపుతాను. గట్టిగా నొక్కితే లోపలి సన్నటి నాళాలు మూసుకుపోతాయి. మా వదిన మొదటిసారి బల్లమీద పడుకుని, కాసేపు ఓపిక పట్టి, "ఇదేం మర్దనా తల్లీ, పిల్లిని జోకొడుతున్నట్టుంది. దీనికి నాలుగేళ్ళు చదివావా?" అంది.

క్యాన్సర్ వచ్చి వదినకి కుడి రొమ్ము, కుడి చంకలోని గ్రంథులు తీసేసి రెండేళ్ళు దాటింది. ఆ గ్రంథులు లేకపోతే చేతిలోని నీటికి దారి ఉండదు. భుజందాకా వచ్చి నిలిచిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆమె కుడి చెయ్యి మోచేతి మడత కూడా కనిపించనంత వాచింది. ఆమె టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు. కత్తెర కన్నాల్లో వేళ్ళు దూరడం మానేసిన రోజున నా దగ్గరికి వచ్చింది. తన జాకెట్టు కుడి చేతికి తనే వేరే గుడ్డ ముక్క అతుకు వేసుకుంది. "రంగు కలవలేదు, ఏమీ అనుకోకు," అంది, అదొక్కటే తప్పయినట్టు.

ఇలాంటి చేతికి మేము ముందుగా చెయ్యి ముట్టుకోం. బాగున్న వైపు నుంచి మొదలుపెడతాం. ఎడమ చంకలో మూడు వేళ్ళు పెట్టి, సున్నాలు చుడుతూ అక్కడి గ్రంథుల్ని లేపుతాం. తర్వాత ఛాతీ మీద ఎడమ నుంచి కుడికి కొంచెం కొంచెంగా జరుగుతూ, నీటిని మాత్రం కుడి నుంచి ఎడమకే పంపిస్తాం. రొమ్ముల మధ్య ఎముక దగ్గర ఒంట్లో ఒక సరిహద్దు ఉంటుంది. మామూలుగా ఏ వైపు నీరు ఆ వైపే పోతుంది. మేము ఆ సరిహద్దు దాటడం నేర్పుతాం. చేతి దగ్గరికి వచ్చేది చివరి పది నిమిషాలే.

"జబ్బు కుడివైపుంటే నువ్వు ఎడమవైపు పట్టుకుని వేలాడతావేంటే?" అనేది వదిన.

"నీళ్ళు రాబోయే ముందు తొట్టి ఖాళీ చేసుకోవద్దా?"

"అబ్బో, తొట్టి అట. మీ అన్నయ్యకి చెప్పకు, పేరు ఖాయం చేస్తాడు."

ఎనిమిది నెలలు, వారానికి రెండుసార్లు. చెయ్యి నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. కత్తెర మళ్ళీ పట్టుకుంది. ఆ తర్వాత, ఎప్పుడో జరగాల్సిన మామూలు స్కానింగులో, ఎడమ చంకలో గడ్డ కనబడింది. అదే జబ్బు. మందులు మొదలుపెట్టారు. "చేతికి హాయిగా ఉంటే చేయించుకోండి, ఎడమ చంక జోలికి మాత్రం వెళ్ళొద్దు," అన్నాడు డాక్టరు. నేను తలూపాను. మూడు వారాలు అలాగే చేశాను కూడా.

అప్పుడు ఆ పిపెట్ అమ్మాయి వచ్చింది.

పిపెట్ అమ్మాయి అని మా క్లినిక్‌లో పెట్టిన పేరు. దగ్గర్లోని పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. రోజంతా చుక్కలు పీల్చే ఆ పరికరాన్ని నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి మొదలు వాచింది. నా గది కింది అంతస్తులో ఉంటుంది, కిటికీ లేదు. అక్కడ వేలు పట్టుకుని కూర్చుంటే మనుషులు మాట్లాడతారు, ముఖం చూడక్కర్లేదు కాబట్టేమో.

"ఇంతలా ఏం నొక్కుతుంటావమ్మా?"

"రొమ్ము క్యాన్సర్ కణాలండీ. జెల్లో పెంచి, అందులోంచి ద్రవం పంపిస్తాను. చాలా నెమ్మదిగా. ఒంట్లో చర్మం కింద పాకేంత నెమ్మదిగా."

"పంపిస్తే?"

"కదులుతాయి."

"మామూలుగా కదలవా?"

"కదులుతాయి, కానీ తాగినవాళ్ళలా. అటో అడుగు, ఇటో అడుగు. ద్రవం తోసిందనుకోండి, ఒక దిక్కు పట్టుకుంటాయి."

నా వేళ్ళు ఆగిపోయాయి.

"అక్కడ కాదండీ, ఇంకాస్త కిందకి నొప్పి," అంది.

ఆ వారం వదినకి ఫోన్ చేసి జలుబు చేసిందని చెప్పాను. మందుల్లో ఉన్న మనిషికి ఎవరి జలుబూ అంటకూడదు కదా, అది ఎవరూ ప్రశ్నించని సాకు. రెండో వారం దగ్గన్నాను. మూడో వారం అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మా, ఇంకా తగ్గలేదా?"

"తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది అన్నయ్యా."

వెనక నుంచి వదిన గొంతు వినబడింది. "ఆ జలుబు కడుపుతో ఉందేమో కనుక్కోండి, ఇన్నాళ్ళు మోస్తోంది."

అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, నా కుడి చెయ్యి భోజనాల బల్ల మీది గుడ్డని కుడి నుంచి ఎడమకి జరుపుతోంది. జరిపి వదిలేస్తోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు తెలియదు. గుడ్డ అంచు బల్ల దిగి వేలాడుతోంది.

అప్పటి నుంచి చేతులు నా మాట వినడం మానేశాయి. బస్సులో ఒళ్ళో పెట్టుకున్న సంచి మీద, సబ్బు నురగలో పళ్ళెం మీద, పడుకున్నప్పుడు దుప్పటి మీద, అవి ఆ పని చేస్తూనే ఉండేవి. ఆపితే ఆగేవి. మరిచిపోతే మళ్ళీ మొదలుపెట్టేవి. ఈ పనిలో ఇరవై రెండేళ్ళుగా వాటిని నావే అనుకున్నాను. క్లినిక్‌లో ఇలాంటి ఆపరేషన్లయిన ఇద్దరిని పక్క బల్ల ఆవిడకి అప్పగించి, మోకాళ్ళూ నడుములూ నేను తీసుకున్నాను. "ఏంటీ, ఉన్నట్టుండి ఎముకల మీద ప్రేమ?" అందావిడ. ఎముకలైతే ఎటూ పారవు అని చెప్పలేదు.

నేను ఆలోచించినది ఒక్కటే. జబ్బు కుడివైపుండేది. ఎడమకి దారి లేదు. ఆ దారి వేసింది నేను. ఎనిమిది నెలలపాటు వారానికి రెండుసార్లు, సరిహద్దు దగ్గర వేళ్ళు పెట్టి, ఇటు రా, ఇటు రా అని పిలిచింది నేను. వచ్చింది.

ఆరో వారంలో, బొటనవేలు తగ్గిపోయి చివరిసారి వచ్చిన ఆ అమ్మాయిని అడిగాను, నీ కణాలు చూపిస్తావా అని. సరదాపడి, మర్నాడు మధ్యాహ్నం రమ్మంది.

మూడో అంతస్తు. పొడుగాటి వరండా, తలుపు తలుపుకీ చెప్పులు విడవమనే కాగితం. లోపల ఫ్రిజ్జుల హోరు. నీలం తొడుగులు వేయించి, బిస్కెట్ అంత గాజుపలక ఒకటి చేతిలో పెట్టింది. దాని మధ్య వెంట్రుకంత కాలువ, రెండువైపులా సన్నటి గొట్టాలు. ఒక గొట్టం చివర సిరంజి, ఆ సిరంజిని తోసే చిన్న యంత్రం. యంత్రం పనిచేస్తోందని ఎర్రదీపం చెబుతోంది గానీ, నేను అయిదు నిమిషాలు చూసినా అది కదలలేదు.

"కదులుతోందండీ. మన కంటికి ఆనదంతే."

నాకు తెలుసు. నా పనీ అదే కదా.

కంప్యూటర్ మీద ముందురోజు తీసిన బొమ్మ వేసింది. పదహారు గంటలు అరనిమిషంలోకి కుదించింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు. ద్రవం ఎడమ నుంచి కుడికి పోతోందని వేలితో చూపించింది. చుక్కలు కాసేపు తడబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటీ ముందుకి ఒక కాలు లాంటిది చాపి, ఒళ్ళు ఈడ్చుకుంటూ కుడికి బయల్దేరాయి.

"తోసుకుపోతున్నాయి," అన్నాను.

"తోసుకుపోవడం కాదు, నడుస్తున్నాయి. ఒక్కో కణం తన చుట్టూ ఒక వాసన లాంటిది వదులుతుందనుకోండి. ద్రవం దాన్ని ముందుకి మోసుకుపోతుంది. కణం తన వాసన వెంట తనే పోతుంది."

"తన వెంట తనే."

"అవునండీ. ఇప్పుడు ఇది చూడండి. అవే కణాలు, అంతే ద్రవం. కాకపోతే ఒత్తుగా వేశాం."

రెండో బొమ్మలో చుక్కలు ఇరుకిరుగ్గా ఉన్నాయి. అవి ఎడమకి తిరిగాయి. ద్రవానికి ఎదురు. కాలు చాపి, పట్టు దొరకబుచ్చుకుని, ఒళ్ళు లాక్కుని, మళ్ళీ కాలు చాపాయి. అంత మొండిగా నడిచేవాటిని నేనెప్పుడూ చూడలేదు.

"గుంపులో ఎవరి వాసన ఏదో తెలియదు కదా," అందా అమ్మాయి. "అప్పుడు ఒంటి మీద పడే తోపు ఒక్కటే తెలుస్తుంది. తోపు వచ్చేవైపు జెల్ పోగుల్ని గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్నవైపే పాకుతాయి. మా సారు వీటిని అల్లుళ్ళంటాడు. ఎటు పొమ్మంటే దానికి ఎదురే."

నేను నవ్వలేదు. "అంటే పలచగా ఉంటే తోసినవైపు, ఒత్తుగా ఉంటే ఎదురు."

"ఈ పెట్టెలో, ఈ కణాలకి, అంతవరకే."

"మనిషిలో అయితే?"

ఆ అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది. నా చేతులు చూసింది. అవి తొడుగుల్లోనే బల్ల అంచు మీద జరుగుతున్నాయి. నేను వాటిని ఒళ్ళోకి తీసుకున్నాను.

"ఎవరికండీ?" అంది నెమ్మదిగా.

"మా వదిన."

దారి గురించి, సరిహద్దు గురించి, ఎనిమిది నెలల గురించి చెప్పాను. అడ్డు రాకుండా విని, "చేతులతో చేసినందువల్ల పాకిందని ఎవరూ చూపించలేదండీ. నేను చదివినంతవరకు లేదు. ఒక చంక నుంచి రెండో చంకకి అది మీతో పనిలేకుండానే పోగలదు," అంది.

"నావల్ల కాదంటావు."

"అలా అనడానికీ నా దగ్గర ఏమీ లేదు. మీరడిగేది ఈ పెట్టెలో లేదు. మీ వదినగారివి పలచగా ఉన్నాయో ఒత్తుగా ఉన్నాయో, మీరు ఎడమకి తోస్తే అవి ఎడమకే వచ్చాయో, ఎదురు తిరిగి కుడివైపే ఉండిపోయాయో, ఎవరు చూశారండీ లోపలికి దిగి?"

మెట్లు దిగుతూ గమనించాను, నేను తీర్పు కోసం వచ్చాను. కాదనే తీర్పు కోసమే అనుకున్నాను. కానీ, అవును, నీ చేతులే పంపించాయి అని ఆ పిల్ల చెప్పి ఉంటే కూడా నాకు నిద్ర పట్టేదని రెండో అంతస్తు దగ్గర అర్థమైంది. ఆరు వారాలుగా నేను ఆ పెద్ద నేరాన్ని దుప్పటిలా కప్పుకున్నాను. అంత పెద్దది, అంత చీకటిది, రుజువు కానిది. దాని కింద ఇంకొకటి ఉంది. చిన్నది. అది రుజువు అక్కర్లేనిది.

స్కానింగుకి పద్దెనిమిది రోజుల ముందు, ఎడమ చంకలో సున్నాలు చుడుతుంటే నా మధ్యవేలికి ఒక గింజ తగిలింది. గట్టిగా, పెసరగింజంత. మా పనిలో గ్రంథి వేలికి తగిలితే చాలాసార్లు అది పనిలో పడిందని లెక్క. మోయాల్సిన నీరు ఎక్కువై కాస్త ఉబ్బుతుంది. నేను వేసిన దారిన నీరు వస్తోందనడానికి అదే సాక్ష్యం అనుకున్నాను. ఎనిమిది నెలల పనికి దొరికిన మార్కులా అనిపించింది. "వదినా, ఎడమవైపు బాగా పుంజుకుంది," అన్నాను. "ఒంట్లో ఒక్కటైనా పనిచేస్తోంది, సంతోషం," అంది. ఆ పద్దెనిమిది రోజుల్లో అయిదుసార్లు ఆ గింజ మీద వేళ్ళు పెట్టి దాన్ని లేపాను. చివరిసారి శనగగింజంత అయింది. కేసు కాగితంలో రాశాను కూడా, ఎడమ గ్రంథి చురుగ్గా ఉంది అని. ఎవరూ అడగలేదు. ఆ కాగితం ఎవరూ చదవలేదు.

నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను.

అన్నయ్య మందుల షాపుకి వెళ్ళాడు. వదిన ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో ఉంది. తలకి పలచటి గుడ్డ చుట్టుకుంది. కుడి చెయ్యి రెండు దిండ్ల మీద పెట్టుకుంది. ఆరు వారాల్లో అది మళ్ళీ మొదటికొచ్చింది. వేళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, చర్మం లాగి కుట్టిన గుడ్డలా మెరుస్తోంది. కింద గచ్చు మీద కత్తిరించని బట్ట మడత విప్పకుండా ఉంది.

"వచ్చావా? ప్రసవం అయిందా?"

"వదినా, నాకు జలుబు చేయలేదు."

"అది నీ మొదటి దగ్గుకే తెలిసింది. దగ్గడం కూడా రాదు నీకు. కూర్చో."

కూర్చోలేదు. ముందు పెద్దది చెప్పాను, పెట్టె గురించి, చుక్కల గురించి, నా దారి గురించి. ఆమె తల పక్కకి వాల్చి వింది. అయిపోయాక, "నీ చేతులకి అంత సీను లేదులే," అంది. "పిల్లిని జోకొట్టే చేతులు. అవేం పంపిస్తాయి?"

ఆ మాటతో ఆపేయొచ్చు. ఆమె నాకు దారి ఇచ్చింది, నేను అటు నడిస్తే చాలు. నడవకుండా చిన్నది చెప్పాను. గింజ. పద్దెనిమిది రోజులు. అయిదుసార్లు. పుంజుకుంది అని నేనన్న మాట.

వదిన ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. అది ఉన్నచోటే ఉండి, దాని వెనక మనిషి లేకుండా పోయింది. ఎడమ చెయ్యి లేచి తన ఎడమ చంక వైపు వెళ్ళబోయి, ఆ చేత్తో ఆ చంక అందదని గుర్తొచ్చినట్టు గాల్లో ఆగింది. కుడి చెయ్యి అందుకోవాలి. అది దిండ్ల మీద ఉంది.

"పద్దెనిమిది రోజులు ముందు చెప్పుంటే ఏమయ్యేది?" అంది.

"తెలియదు. ఏమీ అయ్యుండకపోవచ్చు."

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు."

"సరే. అది నీకు తెలియక చేసింది." చెయ్యి దించుకుంది. "తెలిశాక ఏం చేశావు? ఆరు వారాలు దగ్గావు. ఇది చూడు." గడ్డంతో కుడి చెయ్యి చూపించింది. "గ్లాసు ఎత్తలేను. మీ అన్నయ్య అన్నం కలిపి పెడుతున్నాడు. నీకేమో నీ పాపం ఎంత పెద్దదో కొలుచుకోవడమే సరిపోయింది. నా చెయ్యి కొలవడానికి టైము లేకపోయింది."

ఆమె కోపం నేను ఊహించుకున్న చోట లేదు. ఆరు వారాలుగా నేను తయారుగా ఉన్నదానికి పక్కనుంచి వచ్చి తగిలింది.

"మీ అన్నయ్యకి చెప్పకు," అంది తర్వాత. "రెండోది అసలు చెప్పకు. ఆయన దాన్ని పట్టుకుని కూర్చుంటాడు. నాకు అన్నం పెట్టేటప్పుడు కూడా దాన్నే చూస్తుంటాడు. నువ్వూ నేనూ మోద్దాం."

"అన్నయ్యకి సరే. డాక్టరుకి చెప్పాలి వదినా. కాగితంలో మార్చి రాయాలి."

"రాసుకో. డాక్టరు నాకేం మొగుడు కాదు." కుర్చీలో సర్దుకుంది. "ఇప్పుడు ఎటు పంపిస్తావు ఈ నీళ్ళు? ఎడమవైపు పనికిరాదు కదా."

"కిందికి. పక్కటెముకల మీదుగా నడుం పక్కనుంచి, కుడి గజ్జలోకి. అక్కడ గ్రంథులుంటాయి."

"అవి బాగున్నాయా?"

"స్కానింగులో బాగున్నాయి."

"స్కానింగు సంగతి కాదు. నీ వేళ్ళు ఏమంటున్నాయి?"

చేతులు కడుక్కొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చీర పైనుంచే కుడి గజ్జ మీద ఆనించాను. ఈసారి లేపడానికి కాదు. ఒక్క సున్నా కూడా చుట్టలేదు. వెతికాను. ఎముక అంచు, నరం కొట్టుకోవడం, దాని లోపలి వైపు మెత్తదనం. నా చూపుడువేలి కింద ఒకటి ఉంది. మెత్తగా, చిక్కుడుగింజ ఆకారంలో, పక్కకి జారింది. అందరికీ ఉండేలాంటిదే. అలా అనుకోగానే ఆ అనుకోవడం మీద నాకు భయం వేసింది.

"ఏమైనా ఉందా?"

లేదు అనడం ఎంత తేలికో నోటిదాకా వచ్చింది.

"ఒకటి తగులుతోంది. మెత్తగా జారుతోంది. మామూలుగా ఉండేదే అనిపిస్తోంది. కానీ నాకు ఖాయంగా తెలియదు. రేపు డాక్టరుకి చూపిద్దాం. ఆయన చూసేదాకా అటు పంపించను."

బయట గేటు తీస్తున్న చప్పుడైంది, అన్నయ్య వచ్చాడు. వదిన ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పళ్ళు బిగించి పైకెత్తి, ఆ చేతిని నా భుజం మీద పెట్టింది.

"అయితే ఊరికే పట్టుకో," అంది. "ఎటూ పంపకు. కాస్త పైకి ఉంటే చాలు, సలుపు తగ్గుతుంది."

పట్టుకున్నాను. అంత బరువు ఉంటుందని, ఇన్నేళ్ళ పనిలో, నాకు తెలియదు. బల్ల మీద పెట్టే చూశాను ఎప్పుడూ. అన్నయ్య లోపలికొచ్చి, మందుల కవరు పట్టుకుని మా ఇద్దరినీ చూసి, "జలుబు తగ్గిందా?" అన్నాడు.

"తగ్గింది," అంది వదిన, నా బదులు.